ఇలవుంపారా మరియమ్మ

ఇలవుంపారా,
ఆగస్టు 20

కొచ్చూ,

యేసుకు స్తుతి.

మఠంలో నీకు సిస్టర్ మేరీ క్లెమెన్స్ అని పేరు పెట్టి ఎన్నేళ్లయినా నాకు నువ్వు నా చెల్లెలు కొచ్చుత్రేసియావే. ఈ ఉత్తరం నీకంటే ముందు మదర్ గారు చదువుతారని తెలుసు. ఆమెకు నా నమస్కారాలు. చదివేటప్పుడు నవ్వొస్తే ఆపుకోవద్దని చెప్పు.

దీనితోపాటు చిన్న డబ్బా వస్తుంది. అందులోవి జపమాల పూసలు. ఒక్కో పూస మీద ఒక్కో మల్లెపువ్వు కనిపిస్తుంది చూడు, అది రంగుతో వేసింది కాదు. తెల్లవీ పచ్చవీ మట్టి కడ్డీలు చేసి, పువ్వు ఆకారం వచ్చేలా కట్టగా పేర్చి, చుట్టూ నొక్కుతూ సాగదీస్తే కట్టంతా వేలంత సన్నమవుతుంది. బ్లేడుతో కోస్తే దోసకాయ చక్రాల్లా ముక్క ముక్కలోనూ అదే పువ్వు. ఆ ముక్కల్ని పూసలకు అద్ది కాల్చాను. మొదటిసారి కోసినప్పుడు నా నోటి నుంచి దేవుడి పేరు తప్ప ఇంకో మాట రాలేదు.

దీన్ని పాలిమర్ క్లే అంటారు. పేరుకు మట్టే గాని నిజానికి ఒక రకం ప్లాస్టిక్. ఎంతసేపు పిసికినా ఆరిపోదు. సన్నని వేడి మీద కాలిస్తే గట్టిపడుతుంది, ఇక మళ్లీ మెత్తబడదు. దానికోసం చిన్న కరెంటు పొయ్యి కొనుక్కున్నాను. అందులో తిండి పెట్టకూడదు. మీ బావగారు ఒకరోజు ఎండుచేప పెట్టబోతే చెయ్యి పట్టుకుని లాగాను. "యాభై ఏళ్లకు బొమ్మలాట మొదలెట్టావేంటే ఏలీ, వచ్చే ఏడు పలక కొనిపెట్టనా?" అన్నారు. అంటూనే, నేను చేసిన చెవిపోగులు పెట్టుకుంటే రెండుసార్లు తిరిగి చూశారు.

నాకిది నేర్పింది వెనకింటి మేరిక్కుట్టి కూతురు డెల్నా. నువ్వు మఠానికి వెళ్లేనాటికి చంకలో ఉండేది. పాలా పట్నంలో నగల షాపులో పని చేస్తూ, సెలవు రోజున సరదాగా ఈ చెవిపోగులు చేసుకునేది. ఇప్పుడు పనికి వెళ్లడంలేదు. ఏడో నెల. పెళ్లి కాలేదు. ఎవరని అడిగితే చెప్పదు. కడుపు కనపడ్డప్పటినుంచి చర్చికి రావడం మానేసింది. రావద్దని ఎవరూ అనలేదు. వస్తే పక్కన కూర్చునేవాళ్లు లేచి వేరే బెంచీకి వెళ్లేవాళ్లు, అంతే.

నేను రోజూ వాళ్లింటికి వెళ్తాను. చర్చి పెద్ద కురియాచ్చన్ (మీ బావగారి పెద్దనాన్న కొడుకు, బేకరీ ఆయన) దారిలో ఆపి, "ఏలియమ్మా, మాతృసంఘం మనిషివి, ఆ గడప తొక్కితే బాగుంటుందా?" అన్నాడు. "గడప బాగానే ఉంది చేట్టా, గట్టి పనస చెక్క" అన్నాను.

ఇంకొక కబురు. మన చర్చిలో క్రిస్మస్ పశువుల పాకలో పెట్టే పాత సున్నపు బొమ్మలు వరద నీళ్లలో నాని పోయాయి. కొత్తవి నన్ను చెయ్యమని జోబిన్ ఫాదర్ అడిగారు. సరేనన్నాను. నాకోసం ప్రార్థించు.

మీ చేచ్చి,
ఏలియమ్మ


కార్మెల్ మఠం, వయనాడ్,
సెప్టెంబరు 9

ప్రియమైన చేచ్చీ,

ఇప్పుడూ ఎప్పుడూ స్తుతి.

పూసలు అందాయి. నగ అయితే నేను ఉంచుకోకూడదు. జపమాల కాబట్టి మదర్ ఒప్పుకున్నారు. దారంలో ముడులు వేసి గుచ్చుకున్నాను. సిస్టర్లందరూ ఒక్కో పూసనూ వెలుతురుకు పెట్టి చూశారు. పెద్దావిడ సిస్టర్ బెర్ణాడ పిప్పరమెంటు అనుకుని ఒకటి కొరికింది. పంటి గాటు ఉన్న పూస దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమెకోసం కూడా ఒక ప్రార్థన చెప్పుకుంటున్నాను.

మదర్ నవ్వారు. ఎక్కడ నవ్వారో మాత్రం చెప్పలేదు.

చేచ్చీ, డెల్నా ఇంటికి వెళ్లడం తప్పని నేను అనను. రోగిని చూడటం, బాధలో ఉన్నవాళ్లను పలకరించడం మన ధర్మమే. కాని పెద్దవాళ్లకు ఎదురు సమాధానం చెప్పకు. చిన్నప్పుడు మన అమ్మచ్చి నిన్ను వెన్న పూసిన కత్తి అనేది, గుర్తుందా? గొంతు పైకి లేవదు, మాట మాత్రం తెగుతుంది. పాక పని దేవుడి పని. దాన్ని నమ్రతగా చెయ్యి. ముఖాలు ఎలా చేస్తున్నావు? పటం ఏదైనా ముందు పెట్టుకున్నావా?

క్రిస్మస్ నోము మొదలైతే మాకు ఉత్తరాలు ఉండవని నీకు తెలుసు. వచ్చినవి కూడా పండగ దాకా మదర్ సొరుగులోనే ఉంటాయి. ఏదైనా రాయాలంటే ఈలోగానే రాయి.

నీ చెల్లెలు,
సిస్టర్ మేరీ క్లెమెన్స్


ఇలవుంపారా,
నవంబరు 8

కొచ్చూ,

యేసుకు స్తుతి.

డెల్నాకు కొడుకు పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. మేరిక్కుట్టి ఏడుస్తూనే బిడ్డకు నీళ్లు పోస్తోంది. పోస్తూ పోస్తూ ఏడుపు మరిచిపోతోంది. పసివాడి ముందు ఎవరి దుఃఖం మాత్రం ఎంతసేపు నిలుస్తుంది?

బొమ్మలు చాలావరకు అయిపోయాయి. ఒక్కోటి జానెడు ఎత్తు. లోపల అల్యూమినియం రేకు ఉండచుట్టి, పైన మట్టి వేస్తాను. తెల్ల మట్టితో పని చెయ్యడం ఎంత కష్టమో నీకు తెలియదు. గాలిలో ఎగిరే నూగంతా వచ్చి దానికే అంటుకుంటుంది. దేవదూతకు నా నల్ల చీర నూగు అంటుకుని మీసం వచ్చింది. మీ బావగారు దాన్ని చూసి, "ఉండనీవే, మనూరి దేవదూతకు ఆ మాత్రం మీసం ఉండాలి" అన్నారు. గొర్రెలు, ఒంటె, ముగ్గురు రాజులు, యోసేపు అందరూ కుదిరారు. యోసేపు ముఖం మాత్రం అంగట్లో బొమ్మలా ఉంది, ఎవరికీ చెందని ముఖం.

పటం ముందు పెట్టుకున్నావా అని అడిగావు. పెట్టుకున్నాను. పటంలో మరియమ్మకు బుగ్గలు గులాబీ రంగులో ఉన్నాయి, కళ్లు అరమోడ్చి ఉన్నాయి. ప్రయాణం చేసిన మనిషిలాగానే లేదు. ఎవరూ తలుపు తియ్యక ఊరంతా తిరిగి, చివరికి పశువుల మధ్య బిడ్డను కన్న మనిషి ముఖం అలా ఉంటుందా? పటాన్ని గోడవైపు తిప్పేశాను.

తరువాత చేతులు ఆడిన కొద్దీ వచ్చిన ముఖం డెల్నాది. ప్రసవమైన మూడోనాడు నేను కాఫీ తీసుకెళ్లినప్పుడు బిడ్డను చూస్తూ ఉంది చూడు, ఆ ముఖం. కొంచెం వెడల్పు ముక్కు, కింది పెదవి బిగింపు, కళ్ల కింద నీడ.

దానంతటదే వచ్చిందని చెప్పి నేను తప్పించుకోను. సగంలోనే నాకు తెలిసింది. తెలిసి పూర్తిచేశాను. కాల్చాను. కాలిన తరువాత ఇక మారదు.

నేను పొయ్యిలోంచి తీస్తుంటే మీ బావగారు చూశారు. తరువాత, "ఇది చర్చిలో పెడతావా?" అన్నారు. "పెడతాను" అన్నాను. "కురియాచ్చన్ ఊరుకోడు." "ఊరుకోకపోతే అరుస్తాడు. ఆయన గొంతు ఆయన ఇష్టం." మీ బావగారు లేచి రబ్బరు తోటలోకి వెళ్లిపోయారు.

కొచ్చూ, నాకు సలహా వద్దు. ప్రార్థన పంపించు.

మీ చేచ్చి


కార్మెల్ మఠం, వయనాడ్,
నవంబరు 27

ప్రియమైన చేచ్చీ,

నోముకు ముందు ఇదే చివరి ఉత్తరం. నువ్వు సలహా వద్దన్నావు. ఇది సలహా కాదు, కోపం.

నువ్వు డెల్నాను అడిగావా?

ఆ పిల్ల చర్చికి రాలేక ఇంట్లో కూర్చుంది. నువ్వు ఆమె ముఖాన్ని తీసుకెళ్లి ఊరందరి ముందు దీపాల మధ్య పెడతానంటున్నావు. వచ్చినవాళ్లంతా దేవుణ్ణి కాదు, ఆమెను చూస్తారు. వేలు పెట్టి చూపిస్తారు. గుసగుసలాడతారు. నీది ధైర్యమని నువ్వనుకుంటావు. దాని ఖరీదు కట్టేది మాత్రం ఆమె. కురియాచ్చన్‌కూ నీకూ ఏం తేడా చేచ్చీ? ఆయనా ఆమెను అడగలేదు, నువ్వూ అడగలేదు.

ముఖం మార్చు. మారకపోతే కొత్తది చెయ్యి. చేతిపని నీకు ఎలాగూ వచ్చింది.

ఇంత కటువుగా రాసినందుకు మదర్ దీన్ని ఆపేస్తారనుకున్నాను. చదివి, మడిచి, "పంపించు" అన్నారు.

నీ చెల్లెలు


ఇలవుంపారా,
డిసెంబరు 14

కొచ్చూ,

ఈ ఉత్తరం సొరుగులో పడి ఉంటుందని తెలుసు. అయినా రాస్తున్నాను. పండగకు చదువుకో.

నువ్వన్నది నిజం. నేను అడగలేదు. నీ ఉత్తరం చదివిన పూటే బొమ్మను తువ్వాలులో చుట్టుకుని డెల్నా దగ్గరికి వెళ్లాను. బిడ్డ ఒళ్లో ఉన్నాడు. తువ్వాలు విప్పి మంచం మీద పెట్టి, "మోళే, బిడ్డా, ఇది నువ్వు. చర్చి పాకలో పెడదామనుకున్నాను. నిన్ను అడగకుండా చేశాను. వద్దంటే ఇక్కడే ఉంచేస్తాను, ఎవరికీ చెప్పను" అన్నాను.

ఆమె ముందు చేతిపనిని చూసింది, నేర్పిన గురువు కదా. "మెడ దగ్గర వేలిముద్ర ఉండిపోయింది చేచ్చీ. కాల్చేముందు తుడవమని ఎన్నిసార్లు చెప్పాను?" అంది. తరువాత ముఖం చూసింది. చాలాసేపు చూసింది. "ముక్కు కొంచెం చిన్నది పెట్టకపోయారా?" అంది. "దేవుడు పెట్టిందే పెట్టాను" అన్నాను. నవ్వింది. కొచ్చూ, ఆమె నవ్వగా చూసి నెలలైంది.

అప్పుడంది: "పెట్టండి. నేను రాలేని చోటికి అదైనా వెళ్తుంది."

మేరిక్కుట్టి వంటింట్లోంచి, "ఒసే, ఊరేమంటుందే!" అని అరిచింది. "అనడానికి ఇంకేం మిగిలిందమ్మా?" అంది డెల్నా.

ఆదివారం పూజ తరువాత కమిటీ ముందు బొమ్మలన్నీ పేర్చాను. దేవదూత మీసం చూసి ఒకరిద్దరు నవ్వారు. మరియమ్మను పెట్టగానే నవ్వు ఆగింది.

"ఇది మేరిక్కుట్టి కూతురు" అన్నాడు కురియాచ్చన్.

"పోలిక తెలిసిందంటే పని బాగా కుదిరినట్టే చేట్టా."

"ఎగతాళా? దేవుడి తల్లికి ఆ పిల్ల ముఖమా? మొగుడు లేకుండా కన్నదానిదా?"

"మరియమ్మకు గర్భం వచ్చినప్పుడు కూడా పెళ్లి కాలేదు. ఆ మాట నేను కల్పించలేదు, మీరే ప్రతి ఏడూ పూజలో నిలబడి చదువుతారు."

"ఆమెది పరిశుద్ధాత్మ వల్ల!"

"ఆ సంగతి మనకు తెలుసు. ఆ ఊరివాళ్లకు తెలుసా? వాళ్లకు కడుపొక్కటే కనిపించింది."

నా గొంతు పైకి లేవలేదు. బల్ల అంచు మాత్రం గట్టిగా పట్టుకున్నాను. జోబిన్ ఫాదర్ చిన్నవాడు, నుదురు తుడుచుకుంటూ, "తరువాత ఆలోచిద్దాం" అన్నారు. బొమ్మలు చర్చి బీరువాలో పెట్టారు. తాళం కురియాచ్చన్ దగ్గర.

ఇప్పుడు అసలు సంగతి విను. మదర్ గారు చదువుతుంటే కుర్చీలో కూర్చుని చదవమను.

గురువారంనాడు కురియాచ్చన్ ఎవరికీ చెప్పకుండా మరియమ్మను బీరువాలోంచి తీసి బేకరీకి పట్టుకెళ్లాడు. వేడిచేస్తే మైనంలా మెత్తబడుతుందనుకున్నాడట! మెత్తబడ్డాక ముక్కూ పెదవీ కాస్త సరిచేసి, ముసుగు కళ్లమీదికి లాగి, గుట్టుచప్పుడు కాకుండా తెచ్చి పెట్టేద్దామని. కేకులు కాలే పెద్ద పొయ్యిలో పెట్టాడు. ఒక పక్క క్రిస్మస్ ప్లమ్ కేకులు, వాటి మధ్య దేవుడి తల్లి.

ఈ మట్టికి సన్నని వేడి కావాలి. మించితే మాడుతుంది. మాడితే వచ్చే వాసన నరకం గురించి ఇన్నాళ్లూ విన్న వర్ణనలన్నిటికీ సరిపోతుంది. బేకరీలో పనివాళ్లు కళ్లు మండి బయటికి పరుగెత్తారు. పొగ బస్టాండు దాకా వచ్చింది. కేకులన్నీ పారబోశారు. మరియమ్మ నల్లటి బొగ్గుముద్దయి బయటికి వచ్చింది.

కురియాచ్చన్ భార్య రోసమ్మ కొట్టు మెట్లమీద కూర్చుని, "నోము రోజుల్లో దేవుడి తల్లిని కాల్చిన మనిషివి, నీకు అన్నం ఎలా వడ్డించను?" అని నడివీధిలో ఏడ్చింది. నాకు మొదట నవ్వొచ్చింది. తరువాత ఇంటికి వచ్చి, తలుపు వేసుకుని ఏడ్చాను. ఆ ముఖం మీద ఎన్ని పొద్దులు గడిపానో నాకు తెలుసు. కాలినప్పుడు ఎవరిని కాల్చినట్టు అనిపించిందో కూడా తెలుసు.

పాలా నుంచి సున్నపు మరియమ్మను తెచ్చారు. చిన్న సైజు అయిపోయాయట. ఈమె రెండడుగులు. ఆమె పక్కన నా యోసేపు చంటిపిల్లాడిలా ఉన్నాడు. ఒంటె ఆమె నడుం దాకా లేదు. చూసిన పిల్లలు పడి పడి నవ్వారు.

నిన్న కమిటీవాళ్లు మా వరండాలోకి వచ్చారు. ఇంకొకటి చేసిమ్మన్నారు. "చేస్తాను. అదే ముఖంతో చేస్తాను. ఈసారి మీ చేతికి ఇవ్వను. డెల్నా స్వయంగా తెస్తుంది, పెద్ద తలుపులోంచి, అందరూ చూస్తుండగా. పాకలో తనే పెడుతుంది" అన్నాను.

"ఒప్పుకోకపోతే?" అన్నాడు కురియాచ్చన్. ఇంకా ఒంటినుంచి పొగ వాసన వస్తూనే ఉంది.

"అప్పుడు యోసేపు ఒంటరిగా ఉంటాడు. తల్లి ఏదని బిడ్డలు అడిగితే, మాకు నచ్చలేదు గనుక కాల్చామని చెప్పండి."

లేచి వెళ్లిపోయారు. నేను మట్టి పిసకడం మొదలెట్టాను.

మీ చేచ్చి


కార్మెల్ మఠం, వయనాడ్,
డిసెంబరు 18

చేచ్చీ,

నోములో ఉత్తరం రాస్తున్నానని ఆశ్చర్యపోకు. ఈ ఉదయం మదర్ నన్ను పిలిచి, సొరుగు తెరిచి, నీ ఉత్తరం నా చేతిలో పెట్టారు. నియమం గుర్తుచేశాను. "ఈ నోమంతా ఒక గర్భిణి ప్రసవం కోసం ఎదురుచూడటమే కదా సిస్టర్. ఆమె ఇంటి కబురు వచ్చినప్పుడు తలుపు వేసుకుని కూర్చుంటామా? ఇవాళే జవాబు రాయండి" అన్నారు.

నువ్వు ఆమెను అడిగావు. నాకు అది చాలు. ఇక నా కోపం వెనక్కి తీసుకుంటున్నాను, నీది మాత్రం నువ్వు దాచుకో, పనికొస్తుంది.

ముక్కు చిన్నది చెయ్యకు. ముసుగు కిందికి లాగకు. ఈసారి మెడ మీద వేలిముద్ర తుడువు.

పండగ రాత్రి పూజ జరిగే వేళకు ఇక్కడ మేమందరం పెద్ద తలుపు వైపు తిరిగి నిలబడతాం. మన ఊరి తలుపు ఇక్కడినుంచి కనపడదు. అయినా నిలబడతాం.

నీ కొచ్చు


ఇలవుంపారా,
డిసెంబరు 26

కొచ్చూ,

యేసుకు స్తుతి. బాలయేసు పుట్టాడు.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే జోబిన్ ఫాదర్ ఒక్కరే వచ్చారు. వరండా మెట్టుమీద కూర్చుని, కాఫీ చల్లారేదాకా గ్లాసును చేతుల్లో తిప్పారు. తరువాత, "చేచ్చీ, మరియమ్మ ముఖం ఎలా ఉండాలో కమిటీ తేల్చడమేమిటని నాకే సిగ్గేసింది. చెయ్యండి. పెద్ద తలుపు నేనే తెరుస్తాను" అన్నారు.

మరియమ్మ అప్పటికి సగం అయింది. ఇది మొదటిదానికంటే బాగా వచ్చింది. మొదటిసారి ముఖం తెలిసింది, ఈసారి మనసు కూడా తెలిసింది.

కాల్చడానికి పెట్టబోతుంటే మీ బావగారు వచ్చి పీట వేసుకుని నా ఎదురుగా కూర్చున్నారు. గడ్డం గీసుకుని, తల దువ్వుకుని ఉన్నారు.

"ఎక్కడికైనా వెళ్తున్నారా?" అన్నాను.

"లేదు. యోసేపును మళ్లీ చెయ్యి" అన్నారు.

"ఆయనకేమైంది?"

"ముఖం లేదన్నావుగా. నాది పెట్టు. ఔసేప్పు అన్నా యోసేపు అన్నా ఒకటే పేరుగా."

నా చేతులు ఆగిపోయాయి. "మీకు మతి పోయిందా? మరియమ్మ డెల్నా అయి, పక్కన యోసేపు మీరయితే జనం ఏమనుకుంటారో తెలుసా? ఇన్నాళ్లూ ఎవరని వెతుకుతున్నారు, దొరికాడంటారు."

"అననీవే ఏలీ. ఆ పిల్ల అందరి ముందుకీ ఒంటరిగా నడిచి రావాలని నువ్వు పంతం పట్టావు. బాగానే ఉంది. పక్కన ఎవరో ఒకరు నిలబడాలా వద్దా?"

కొచ్చూ, ముప్పై ఏళ్లు కాపురం చేశాను. ఈ మనిషి రబ్బరు ధర గురించి తప్ప దేని గురించీ పంతం పట్టగా చూడలేదు. ఆయన్ను కదలకుండా కూర్చోబెట్టి చేశాను. "కదలకండి" అంటే, "ఈగ వాలింది" అన్నారు. బట్టతల కూడా పెట్టమన్నారు. పెట్టాను.

పండగ రాత్రి చర్చి నిండిపోయింది. కొందరు భక్తితో వచ్చారు, కొందరు తమాషా చూడటానికి వచ్చారు. దేవుడు ఇద్దరినీ లోపలికే రానిచ్చాడు. మహిమ గీతం మొదలుకాగానే ఫాదర్ నడవ పొడుగునా వెళ్లి పెద్ద తలుపు తెరిచారు. బయట డెల్నా తెల్ల చీరలో, చేతిలో మరియమ్మతో నిలబడి ఉంది. భుజం మీద బిడ్డ.

పాట పాడేవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. ఒక పక్క వరసలో కొందరు తలలు తిప్పుకున్నారు. ఇద్దరు లేచి పక్క తలుపులోంచి వెళ్లిపోయారు కూడా. అవన్నీ నీకు దాచను. డెల్నా అడుగు మాత్రం ఆగలేదు. నేలవైపు చూడలేదు. రోసమ్మ బెంచీ చివరినుంచి లోపలికి జరిగి, ఖాళీ అయిన చోటును అరచేత్తో తుడిచింది, వచ్చి కూర్చోమన్నట్టు. ఆగిపోయిన పాటను ఎత్తుకున్నదీ ఆమే. శ్రుతి లేదు గాని గొంతు గట్టిది.

డెల్నా బొమ్మను పాకలో పెట్టింది. ఫాదర్ బాలయేసును తెచ్చి ఆమె బొమ్మ ముందు గడ్డిలో పడుకోబెట్టారు.

పూజ అయ్యాక అందరూ వరసగా వచ్చి మొక్కుతున్నారు. ముసలి మరియం చేడత్తి కళ్లద్దాలు సర్దుకుని దగ్గరికి వంగి, ఊరంతా వినేలా, "ఇది మన మేరిక్కుట్టి పిల్లే కదా!" అంది. వరసలో వెనకున్నవాళ్ల తలలన్నీ ఇటు తిరిగాయి. "దేవుడి తల్లిది మనూరేనన్నమాట. ఇన్నాళ్లూ చెప్పారు కారే!" అని బొమ్మ పాదాలు ముట్టి, వేళ్లు పెదవులకు తాకించుకుంది.

ఆ వెనకే కురియాచ్చన్. మొదట మరియమ్మను చూశాడు. తరువాత చూపు పక్కకు జరిగి, యోసేపు బట్టతల మీద ఆగింది. తల ఎత్తి మీ బావగారిని చూశాడు. మళ్లీ బొమ్మను చూశాడు.

"ఔసేప్పే, ఇది నువ్వా? ఒరే, ఆ పిల్ల పక్కన నిలబడితే నిన్ను ఏమంటారో తెలుసా?"

మీ బావగారి చేతిలో అప్పుడు డెల్నా బిడ్డ ఉన్నాడు. ఆమె మొక్కుకోవడానికి మోకరిల్లుతూ ఇచ్చింది. వాణ్ణి ఒక భుజం మీదినుంచి ఇంకో భుజం మీదికి మార్చుకుని, "ఆ యోసేపును అనలేదా?" అన్నారు.

ఆఖరి మనిషి మొక్కి వెళ్లేదాకా ఆయన అక్కడినుంచి కదల్లేదు.

మీ చేచ్చి,
ఏలియమ్మ